టీవీ పెట్టె మీద ఆయుష్షు కూడా రాయించండి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,

భివండీ నిజాంపురా నుంచి రాస్తున్నాను. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. సంతోషం. వాయిదాల మీద 55 అంగుళాలది తెచ్చుకున్నవాళ్లు మా గల్లీలోనూ ఉన్నారు.

కొనడం తేలికైంది సరే, అది ఎన్నేళ్లుంటుందో చెప్పేదెవరు? వారంటీ చాలావాటికి ఏడాదే. ఆ తర్వాత బొమ్మ పోయి మాట మాత్రం వినిపిస్తుంటే, చాలాసార్లు చెడిపోయేది తెర వెనకున్న ఎల్‌ఈడీ పట్టీలే. దొరికితే మార్చుకోవచ్చు. ప్యానెల్ పగిలిందా, కొత్త టీవీయే కొనుక్కోమంటారు; ప్యానెల్ ధర అంత ఉంటుంది మరి. మా దగ్గర గాల్లో తేలే నూలు నూగు, కరెంటు హెచ్చుతగ్గులు అదనం. ఏళ్లనాటి మగ్గానికి విడిభాగం దొరికే ఊళ్లో, నిన్నమొన్నటి టీవీకి దొరకడం కష్టం!

మీ శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. వస్తువును బాగుచేసుకోవడం ఎంత తేలికో చెప్పే రిపేరు సూచీపై 2025 మేలో మీకు నివేదిక కూడా అందింది; ఫోన్లు, ట్యాబ్‌లతో మొదలుపెట్టమంది. టీవీలను ఇంకో విడతకు నెట్టేయకండి. విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో, ప్యానెల్ మార్చడానికి ఎంతవుతుందో పెట్టె మీద ధర పక్కనే అచ్చువేయించండి.

ఇట్లు,
నిజాంపురా నివాసి ఒకరు