తునికాకు లెక్క

"ఆడపిల్లకు లెక్కలు రావు, ఎంపీసీ ఎందుకు?" పదో తరగతి ఫలితాలొచ్చిన ప్రతిసారీ పరకాలలో ఈ మాట వింటున్నాం. అనేది తల్లిదండ్రులే కాదు, టీచర్లం మనం కూడా.

ఎండాకాలం తునికాకు కల్లానికి వెళ్లి చూడండి. కట్టకు 50 ఆకులు, బస్తాకు 1,000 కట్టలు, అంటే 50,000 ఆకులు. తెంపి, లెక్కపెట్టి, కట్టలు కట్టేవాళ్లలో మన తల్లులెందరో! కల్లేదారు ఒక్క కట్ట తక్కువ రాస్తే అక్కడే నిలదీస్తారు. ఆ తల్లి బిడ్డకు బీజగణితం రాదా?

2023 చట్టంతో ములుగుకు వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి సమ్మక్క సారక్కల పేరు పెట్టారు. అమ్మలకు మొక్కి, బిడ్డ చేతిలోంచి లెక్కల పుస్తకం లాక్కుంటే అది ఏం మొక్కు?

టీచర్లారా, బోర్డు దగ్గరికి ముందు ఆడపిల్లను పిలవండి. తప్పు చేస్తే దిద్దండి. "నీకు రాదు" అనకండి. తమ్ముళ్లారా, చెల్లె ఎంపీసీ అంటే కాలేజీకి వెంటబోయి ఫారం నింపించండి.