పాఠశాల పిలిచినా లక్ష డాలర్ల అడ్డుగోడ

న్యూఢిల్లీ: హెచ్-1బీ వీసా అనగానే దేశంలో చర్చ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల చుట్టూనే తిరుగుతుంది. అదే వీసాపై అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో గణితం, సైన్స్, ప్రత్యేక విద్య బోధించేవారి ప్రస్తావన అరుదు. కొత్త రుసుము భారం ఎక్కువగా పడింది మాత్రం ఇలాంటి ఉద్యోగాలపైనే.

అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 సెప్టెంబరు 19న జారీ చేసిన ప్రకటన ప్రకారం, అదే నెల 21 నుంచి విదేశాల్లో ఉన్నవారి కోసం దాఖలు చేసే కొత్త పిటిషన్‌కు లక్ష డాలర్లు చెల్లించాలి. అమెరికాలో చదివి, అక్కడే ఉంటూ వీసా హోదా మార్చుకునేవారికి ఈ నిబంధన వర్తించదని ఆ దేశ వలస సేవల విభాగం అక్టోబరులో వివరించింది. నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో పాఠాలు చెబుతూ దరఖాస్తు చేసే ఉపాధ్యాయినికి ఆ వెసులుబాటు లేదు.

స్కూల్ డిస్ట్రిక్ట్‌లు ప్రధానంగా స్థానిక పన్నులు, రాష్ట్ర నిధులపై నడుస్తాయి. అక్కడి ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుల సగటు వార్షిక వేతనం 2023-24లో సుమారు 72 వేల డాలర్లు. అంటే వీసా రుసుమే ఏడాది జీతాన్ని మించింది. హెచ్-1బీ శిక్షణ రుసుము నుంచి పాఠశాలలను చట్టమే మినహాయించింది; కొత్త ప్రకటన వాటిని లాభార్జన సంస్థల సరసన నిలిపింది. పాఠశాలలు, ఆసుపత్రుల్లో సిబ్బంది కొరత పెరుగుతుందంటూ కాలిఫోర్నియా, మసాచుసెట్స్ సహా పలు రాష్ట్రాలు డిసెంబరులో కోర్టుకెక్కాయి.

పిటిషన్ ఖర్చు యజమానిదే. అయినా అది ఉద్యోగి మీదికి జారే ప్రమాదం కొత్తది కాదు. వీసా రుసుములను విదేశీ ఉపాధ్యాయులతో కట్టించిన వ్యవహారంలో మేరీల్యాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ పాఠశాలల యంత్రాంగం 2011లో 1,044 మందికి సుమారు 42 లక్షల డాలర్లు తిరిగి చెల్లించేందుకు అంగీకరించింది. రుసుము భారీగా పెరిగిన వేళ ఆ అనుభవాన్ని మరువరాదు.

మిగిలిన ప్రధాన మార్గం జే-1 ఉపాధ్యాయ మార్పిడి వీసా. దీనికి డిగ్రీ, రెండేళ్ల బోధనానుభవం, అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన సంస్థ స్పాన్సర్‌షిప్ అవసరం. గడువు తొలుత మూడేళ్లు, పొడిగింపుతో గరిష్ఠంగా ఐదేళ్లు. మళ్లీ అదే కార్యక్రమంలో చేరాలంటే రెండేళ్లు అమెరికా వెలుపల నివసించాలి. హెచ్-1బీ స్థిర నివాసానికి దారి తీయగలదు. జే-1 తిరుగు ప్రయాణాన్ని ముందే నిర్ణయిస్తుంది.

కాబట్టి ఇక్కడి ఉద్యోగాన్ని వదులుకునే ముందు ఉపాధ్యాయులు తేల్చుకోవలసినవి మూడు: వీసా ఏది, రుసుము ఎవరిది, గడువు ముగిశాక దారేది. వీటికి నియామక పత్రంలో లిఖితపూర్వక సమాధానం లేకుంటే, పాఠశాల పిలుపు ఎంత ఆకర్షణీయమైనదైనా భరోసా కాజాలదు.