మన ఫారంలో ఇంటిపేరు గడి, యానాం పిన్‌కోడ్

సభ్యత్వ వివరాలను కాగితాల నుంచి ఆన్‌లైన్‌కి మారుస్తున్న మన పిల్లలు రెండు జట్లయ్యారు. టైప్‌స్క్రిప్ట్‌లో రాస్తే చాలు, తప్పుడు డేటా రాదని ఒక జట్టు. స్కీమా వాలిడేషన్ లేనిదే కుదరదని ఇంకో జట్టు. సాఫ్ట్‌వేర్ వాళ్ల గొడవ మనకెందుకు అని వదిలేయకండి. ఫారం ఎవరిని చేర్చుకుంటుంది, ఎవరిని వెనక్కి పంపుతుంది అన్నది ఇందులోనే తేలుతుంది.

టైప్ సిస్టమ్ కోడ్‌ని రాసేటప్పుడే సరిచూస్తుంది. అంకె రావాల్సిన చోట పేరు పంపితే ప్రోగ్రాం నడవకముందే ఎర్రగీత గీస్తుంది. 2012లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన టైప్‌స్క్రిప్ట్ మంచి పనిముట్టే, కాదనం. కానీ అది జావాస్క్రిప్ట్‌గా మారేటప్పుడు ఆ టైపులన్నీ చెరిగిపోతాయి. బరంపురంలో ఒక పెద్దాయన ఫోన్‌లో నింపిన ఫారం సర్వర్‌కి చేరేసరికి అక్కడ కాపలా ఎవరూ ఉండరు. పుట్టినతేదీ గడిలో "ఉగాది ముందురోజు" అని రాసినా లోపలికి వచ్చేస్తుంది. బయటి నుంచి వచ్చేదాన్ని వచ్చిన క్షణంలో చూసేది స్కీమా వాలిడేషనే. అందుకే ముందు అదే కావాలని మా అభిప్రాయం. జోడ్ లాంటి లైబ్రరీ వాడితే స్కీమా ఒక్కసారి రాస్తే చాలు, టైపు దాన్నుంచే వస్తుంది. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

మిగతా సగమే అసలు సంగతి. ఆ స్కీమాలో నియమాలు ఎవరు పెడతారు?

తమిళనాడులో మనవాళ్లు చాలామంది తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా పెట్టుకుంటారు. రికార్డుల్లో ఇంటిపేరే ఉండదు. "ఇంటిపేరు తప్పనిసరి" అని ఒక్క లైను రాస్తే హోసూరులో సగం వీధి ఆగిపోతుంది. 533తో మొదలయ్యే పిన్‌కోడ్లు ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లావి, అయితే యానాం పిన్‌కోడ్ కూడా 533464. రాష్ట్రం గడిలో పుదుచ్చేరి అని నింపితే, పిన్‌తో రాష్ట్రాన్ని పోల్చే నియమం "తప్పు" అంటుంది. పేరులో ఇంగ్లీషు అక్షరాలే ఉండాలన్న నియమం ఇంకా విడ్డూరం. తెలుగు సంఘం ఫారంలో తెలుగులో పేరు రాస్తే తప్పా?

టైపుకి ఇవేవీ పట్టవు, దానికి అన్నీ అక్షరాల వరసే. తప్పుగా బిగించిన స్కీమా మాత్రం మనిషినే ఆపుతుంది. వదులుగా ఉన్న ఫారంలో తప్పు దొర్లితే ఫోన్ చేసి దిద్దుకోవచ్చు. రెండుసార్లు "తప్పు" అనిపించుకున్న పెద్దాయన మాత్రం ఫోన్ పక్కన పడేస్తాడు, మళ్లీ రాడు.

పిన్‌కోడ్ ఆరంకెలు ఉండాలి, మొదటిది సున్నా కాకూడదు. అంతవరకు చాలు. సభ్యత్వ సంఖ్యను అక్షరాలుగానే దాచాలి, లేకపోతే 0047 కాస్తా 47 అవుతుంది. తప్పు చూపే మాట తెలుగులో, ఏం మార్చాలో చెప్పేలా ఉండాలి.

కోడ్ మొదలుపెట్టకముందే నియమాల జాబితా తెలుగులో రాసి అన్ని ఊళ్ల గ్రూపుల్లో పెట్టమని పిల్లలను అడుగుతున్నాం. హోసూరు వాళ్లు పేరు గడిని, యానాం వాళ్లు చిరునామా గడిని ముందు చూడండి.