సర్కారు పార్కులో ఛాంపియన్‌షిప్

న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలాండ్‌లోని బెత్‌పేజ్ బ్లాక్ గోల్ఫ్ కోర్సు ప్రభుత్వ పార్కులో ఉంది. 2002లో టైగర్ వుడ్స్ యూఎస్ ఓపెన్ గెలిచిందీ, 2025లో రైడర్ కప్ జరిగిందీ అక్కడే. ఆ గడ్డ మీద ఆడాలని మామూలు జనం రాత్రంతా పార్కింగులో కార్లలోనే పడుకుంటారు. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లోనైతే ఒక్క ఆటకే 600 డాలర్లు దాటుతుంది. ప్రైవేటు క్లబ్బు అగస్టా నేషనల్ సంగతి సరేసరి, సభ్యులు పిలిస్తే తప్ప అడుగే పెట్టలేం.

బెత్‌పేజ్‌లోనూ రాష్ట్రం బయటివాళ్లకు రుసుము చాలా ఎక్కువ. పక్క రాష్ట్రమైన న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకూ అంతే. పార్కు ఆ రాష్ట్ర ప్రజలది, కాబట్టి వాళ్లకు తక్కువ ధర ఉండటం నాకు న్యాయంగానే తోస్తుంది.

అక్కడ ఆడిన పాఠకులుంటే, ఎంత ఖర్చయిందో, ఎంతసేపు కాచుకున్నారో మాకు తప్పక రాయండి.

– సంపాదకుడు