వాడితే చెప్పాలి... రాసింది వివరించాలి

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టును డబ్బిచ్చి చేయించుకోవడం, సీనియర్ రికార్డు తెచ్చి ఉన్నదున్నట్టు దించేయడం తెలుగునాట కొత్తేమీ కాదు. అధ్యాపకులకు తెలుసు, యాజమాన్యాలకు తెలుసు. చూసీచూడనట్టు వదిలేశారు. ఇప్పుడా పని ఫోన్‌లోనే, పైసా ఖర్చు లేకుండా, నిమిషాల్లో అయిపోతోంది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. 2025లో గూగుల్ తన జెమినై ప్రో సేవను మన దేశ విద్యార్థులకు ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. పర్‌ప్లెక్సిటీ ప్రోను ఎయిర్‌టెల్ తన ఖాతాదారులందరికీ అదే తీరున అందించింది. కృత్రిమ మేధ (ఏఐ) ఇంతగా చేతికందాక కూడా నిషేధిద్దామా, నిఘా పెడదామా అన్న చర్చ దగ్గరే మన విద్యాసంస్థలు కాలక్షేపం చేస్తున్నాయి. ఆ రెండూ పనికొచ్చే దారులు కావు. ఏఐ సాయం తీసుకున్న విద్యార్థి ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాలి. సమర్పించిన పనిని అధ్యాపకుడి ఎదుట సొంతంగా వివరించగలగాలి. ఈ రెండింటినీ తప్పనిసరి చేయాలి.

నిషేధం ఎంత నిలుస్తుందో న్యూయార్క్ నగర పాఠశాలలు చూపించాయి. 2023 జనవరిలో అక్కడి విద్యాశాఖ తన నెట్‌వర్క్‌లోనూ, పరికరాల్లోనూ చాట్‌జీపీటీని అడ్డుకుంది. మే నెలకల్లా ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. బడిలో ఆపినా ఇంట్లో ఆపేదెవరు?

నిఘా మరింత ప్రమాదకరం. ఏఐ రాతను పసిగట్టే పరికరాన్ని చాట్‌జీపీటీ రూపకర్త ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో విడుదల చేసింది. సంస్థ సొంత పరీక్షల్లోనే అది ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకోగలిగింది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ ఖాతాలో వేసింది. కచ్చితత్వం లేదంటూ ఆర్నెల్లకే దాన్ని మూసేశారు. ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థుల టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా ఇలాంటి పరికరాలు తప్పుగా ఏఐ ముద్ర వేశాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. పరిమితమైన పదాలతో, తేలిక వాక్యాలతో రాస్తే వీటికి అనుమానం ఎక్కువ. తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లిష్‌ను కష్టపడి కూడబలుక్కుని రాసే పల్లెటూరి విద్యార్థి నెత్తిన మొదట పడేది ఈ పిడుగే. హరియాణాలోని ఓ ప్రైవేటు విశ్వవిద్యాలయం జవాబులు ఏఐ రాసినవంటూ ఫెయిల్ చేస్తే, ఓ న్యాయవిద్యార్థి 2024లో హైకోర్టు గడప తొక్కాడు. విశ్వవిద్యాలయం అతణ్ని ఉత్తీర్ణుడిగా ప్రకటించాకే ఆ వ్యాజ్యం ముగిసింది. సాఫ్ట్‌వేర్ చూపించే శాతాన్ని నమ్ముకుని ఏ విద్యార్థి భవితనూ తేల్చకూడదు.

యూజీసీ 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిబంధనలూ ఇక్కడ అక్కరకు రావు. పోలిక 10 శాతం దాటితే దిద్ది తిరిగి సమర్పించాలని, 60 శాతం దాటితే పరిశోధకుడి నమోదు రద్దు చేయాలని అవి చెబుతాయి. ఉన్న గ్రంథాన్ని కాపీ కొడితేనే పోలిక దొరుకుతుంది. ఏఐ ఎప్పటికప్పుడు కొత్త వాక్యాలు అల్లుతుంది కాబట్టి ఆ గాలానికి చిక్కదు.

అలాగని ఏఐని ముట్టుకోవడమే నేరమన్న వాదన అన్యాయం. ట్యూషన్‌కు స్తోమత లేని విద్యార్థి థర్మోడైనమిక్స్ సూత్రాన్ని రాత్రి పదింటికి తెలుగులో చెప్పించుకుంటే అది చదువే. తన వ్యాసంలో లోపాలు చూపమని అడగడమూ, అభ్యాస ప్రశ్నలు ఇప్పించుకోవడమూ చదువే. అసైన్‌మెంట్ మొత్తం దానితో రాయించి పేరూ హాల్‌టికెట్ నంబరూ తగిలిస్తే మాత్రం మోసం. సరిచూసుకోకుండా వాడటమూ బాధ్యతారాహిత్యమే. చాట్‌జీపీటీ పుట్టించిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టుకు సమర్పించిన న్యూయార్క్ న్యాయవాదులకు 2023 జూన్‌లో 5,000 డాలర్ల జరిమానా పడింది. అనుభవజ్ఞులే అలా బోల్తాపడితే, ఉనికిలో లేని పుస్తకాలను ప్రాజెక్టు రిపోర్టులో చేర్చే విద్యార్థి గతేమిటి? రోగుల కేస్‌షీట్లను, తోటివారి వివరాలను ఈ యాప్‌లలోకి ఎక్కించడం మరో తప్పు. వైద్య, నర్సింగ్ విద్యార్థులకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

అసలు మందు మౌఖిక పరీక్ష. అది మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, తంతుగా మారిపోయిందంతే. ఎక్స్‌టర్నల్ రావడం, రెండు ప్రశ్నలు అడగడం, మధ్యాహ్న భోజనంతో ముగించడం చాలా కాలేజీల్లో వైవా తీరు. తరగతిలో 60 మంది ఉంటే ఒక్కొక్కరికి ఐదు నిమిషాల చొప్పున ఐదు గంటలు చాలు. తాను సమర్పించిన కోడ్‌లో ఒక వరుసను ఎందుకు రాశాడో, అది మారిస్తే ఏమవుతుందో అడిగితే పని ఎవరిదో ఏ సాఫ్ట్‌వేర్ సాయమూ లేకుండా తేలిపోతుంది. సమయం లేదనే కాలేజీ బోధనా సిబ్బందిని పూర్తిగా నియమించుకోవాలి. ఖాళీ పోస్టుల భారాన్ని విద్యార్థి నిజాయతీ మీద మోపకూడదు. నియమం అధ్యాపకులకూ వర్తించాలి. ప్రశ్నపత్రం కూర్పులోనో, మూల్యాంకనంలోనో ఏఐని వాడితే వారూ చెప్పాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు, జేఎన్‌టీయూలు వచ్చే విద్యా సంవత్సరానికి ముందే ఉమ్మడి నియమావళి ప్రకటించాలి. ప్రతి ప్రాజెక్టు రిపోర్టులో ఏ ఏఐని, ఏ పనికి, ఎంతమేరకు వాడారో తెలిపే పుట ఉండాలి. నిజం చెప్పినవారికి మార్కులు కోయకూడదు. దాచినట్టు వైవాలో తేలితే మాత్రం ఆ పని మళ్లీ చేయించాలి. సగానికి తగ్గకుండా మార్కులు మౌఖిక పరీక్షకు కేటాయించాలి. డిటెక్టర్ ఫలితం ఒక్కదాని ఆధారంగా ఎవరినీ శిక్షించకూడదు. విద్యార్థులకు చెప్పేది ఒకటే: రేపటి ఇంటర్వ్యూలో మీ బదులు ఏఐ కూర్చోదు. వివరించలేని పనికి మీ పేరు పెట్టకండి.