పలక మీద దిద్దిన చేయి

పేరులోనే వారాన్ని మోసే ఊరు మా బేస్తవారిపేట. అయినా ఇక్కడ పాట వినాలంటే ఆదివారమే రావాలి. మా వైపు పిల్లల చేతికి గిటారు మొదట అందేది మందిరంలోనే.

మొన్నొక ఆదివారం దగ్గర్లోని పల్లె మందిరంలో కూర్చున్నాను. పదహారేళ్ల కుర్రాడు వాయిస్తున్నాడు. పాట మధ్యలో సన్న తీగ ఫట్టుమని తెగింది. కొత్తది కావాలంటే మార్కాపురం పోవాలి. పాట ఆగదు కదా! మిగిలిన అయిదు తీగల మీదే నడిపించాడు. పై స్వరం అందాల్సిన చోట రెండో తీగను వేలితో పక్కకు లాగాడు. స్వరం కాస్త వణికి, చేరాల్సిన చోటికే చేరింది. ఆరాధన అయ్యాక పలకరిస్తే తల దించుకున్నాడు. "ఈరోజు కుదర్లేదు సార్. యూట్యూబ్‌లో వాయించినట్టు రాలేదు" అన్నాడు.

నాకు మాత్రం ఆ పూట విన్నదాంట్లో వాడి సొంతమనిపించింది ఆ లాగుడు ఒక్కటే.

2025 సెప్టెంబరు 16కి అమెరికా బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ పుట్టి నూరేళ్లు నిండాయి. 1925లో మిసిసిపీ పత్తిచేల మధ్య, పాలుకు సేద్యం చేసే నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి పోయింది. మొదటి కార్డులు పట్టించింది చర్చిలో గిటారు వాయించే పాస్టరు ఆర్చీ ఫెయిర్. వీధి మూలన నిలబడి భక్తిపాట పాడితే జనం భుజం తట్టి పోయేవారట, బ్లూస్ పాడితే చిల్లర వేసేవారట. బ్లూస్‌లోకి ఎలా వచ్చావని అడిగినవాళ్లకు ఆయన ఈ కథే చెప్పేవాడు.

తల్లివైపు బంధువు బుక్కా వైట్ తీగల మీద గొట్టం జార్చి వాయించేవాడు. ఆ జారుడు కింగ్‌కు ఎంతకీ పట్టుబడలేదు. దాని బదులు ఎడమచేతి వేలితో తీగను నొక్కిపట్టి ఊపాడు. లోకం ఆయన్ని గుర్తుపట్టింది ఆ వణుకుతోనే. పాడుతూ వాయించడం కూడా తనకు రాదని దాచుకోకుండా చెప్పేవాడు. అందుకే ఆయన చరణం పాడి ఆపితే గిటారు జవాబు చెప్పేది, బుర్రకథలో వంత పలికినట్టు. ఆ రెండు లోట్లతోనే 1956లో ఒక్క ఏడాదిలో 342 కచేరీలు చేశాడు. 1969లో రోలింగ్ స్టోన్స్ అమెరికా పర్యటనలో వాళ్లకన్నా ముందు వేదిక ఎక్కాడు. ఎరిక్ క్లాప్టన్ లాంటి రాక్ గిటారిస్టులకు ఆయన రికార్డులే బడి.

అంత దూరం పోనక్కర్లేదు, మన పాలకొల్లు ఉంది. అక్కడ పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఆరేళ్లప్పుడు నాన్నగారి మాండొలిన్ చేతిలోకి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు ఆ గొంతును తీగల మీద వెతుక్కునేవాడు. మామూలు మాండొలిన్‌లో నాదం మీటగానే ఆరిపోతుంది, గమకం నిలవదు. అందుకని జంట తీగలు వదిలేసి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. చిన్నప్పుడు బ్లూస్ రికార్డులు వింటూ పెరిగిన ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన, రిమెంబర్ శక్తి బృందంలో కూర్చుని వాయించాడు. గమకమూ బ్లూస్ వణుకూ రెండూ పుట్టేది మెట్టుకూ మెట్టుకూ నడుమే. వాళ్లకు దుబాసీ అవసరం లేకపోయింది.

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరం మాది. పంతులుగారు రాసిన 'అ' మీదే బలపం తిప్పి తిప్పి దిద్దేవాళ్లం. దిద్దకపోతే అక్షరం రాదు. ఎన్నాళ్లు దిద్దినా పంతులుగారి 'అ' మాత్రం రాలేదు. చేయి వంకరపోయిన చోటే మన దస్తూరీ మొదలైంది.

మేం నడిపే ఈ పత్రికకు వలస మీద కవితలు చాలానే వస్తాయి. కన్నీళ్లు, బీడు భూములు, మూటాముల్లె. ఒకరి పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టినా తేడా తెలియదు. అందరూ ఒకే అక్షరం మీద దిద్దుతున్నారు. తాళం వేసిన ఇంటి ముందు ఎవరి చెప్పులు ఉండిపోయాయో, హైదరాబాదు బస్సు ఎక్కుతూ అవ్వ చేతిలో ఎంత పెట్టారో, కంభం చెరువు నిండిన ఏడు ఎవరు తిరిగొచ్చారో రాసేవాళ్లు తక్కువ. అలాంటివి రాయబోతే వాక్యం తడబడుతుంది. తడబడనివ్వండి, అచ్చు వేస్తాం. నున్నగా దిద్దిన కవిత కన్నా మాకు అదే కావాలి.

ఆ ఆదివారం మందిరంలో కుర్రాడికి తీగల సెట్టుకు డబ్బులిచ్చాను. కొత్త తీగ వేసుకున్నా, ఆ లాగడం మాత్రం మానొద్దన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. "శ్రుతి తప్పిందంటారేమో సార్, మా అయ్యగారు" అన్నాడు.