కుండ మీద ఒక్క దెబ్బ

చేతి పని అమ్మే దగ్గర రెండు జబ్బులుంటయి. ఒకటి, అసలు నోరు తెరవకపోవడం. రెండోది, తెరిస్తే మూయకపోవడం. కాలేజీ ఎగ్జిబిషన్లలో నాకు ఎక్కువగా కనిపించేది రెండోదే.

పోచంపల్లి చీర పట్టుకొని ఒక అక్క "గింత పిరమా?" అంటది. ఇక మనోడు పడుగు, పేక, చిటికి కట్టుడు, అద్దకం, జీఐ ట్యాగు, 2021లో పోచంపల్లికి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఇచ్చిన గుర్తింపు, అన్నీ ఒకే ఊపిరిలో అప్పజెప్తడు. అన్నీ నిజాలే. కానీ ఆమె సెమిస్టర్ పరీక్షకు రాలేదు గదా! "మళ్లొస్త" అని మెల్లగా జారుకుంటది. మగ్గం గుంటలో రోజుల తరబడి కూర్చున్న మనిషికి ఆ బేరం పోయినట్టే.

మా తుంగతుర్తి దిక్కు ఎండకాలం కుండ కొనబోతే, అమ్మే అవ్వ మట్టి ఏ చెరువుదో, ఎట్ల కాల్చిండ్రో చెప్పదు. వేలు మడిచి కుండ మీద ఒక్క దెబ్బ కొడతది. ఖంగుమంటది. కొంటం. అడిగినోళ్లకే మిగతా ముచ్చట.

చీరకు కూడా అసొంటి దెబ్బ ఉంది. తిరగేసి చూపించడం. అచ్చు వేసిన నకిలీకి సాధారణంగా వెనకవైపు వెలిసినట్టుంటది. దారానికే రంగద్ది నేసింది రెండు దిక్కులా ఒక్కతీరే ఉంటది. ఇంకా అడిగితే ఒక్క అంకె చెప్పండి: చేత్తో ఆసు పోస్తే ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఆడాలి. తల్లి లక్ష్మి పడే ఆ భుజాల నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేసిండు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మీ దగ్గరున్న చీరకు ఆసు పోసింది యంత్రమే అయితే ఆ మాట కూడా దాచొద్దు. దాంతో నేతగాని పనితనం ఏం తగ్గదు.

"తక్కువ చెప్తే విలువెట్ల తెలుస్తది?" అని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. పక్క దుకాణంలో అచ్చు చీర అగ్గువకు దొరుకుతుంటే మౌనంగా ఉండడం నష్టమే. అందుకే ఒకటి చూపించండి, ఒకటి చెప్పండి, చీరను ఆమె చేతిలో పెట్టి కాసేపు ఆగండి. ఆమెకు పట్టింపు ఉన్నది రంగు ఉంటదా పోతదా అనేదేమో, పెళ్లికి కట్టొచ్చా అనేదేమో. మనం ఆగితేనే గదా ఆమె అడిగేది!

ఆగస్టు 7న చేనేత దినోత్సవానికి స్టాల్ పెట్టేవాళ్లకు నా మాట ఒక్కటే. ఫ్లెక్సీ నిండా చరిత్ర రాసే ముందు, బల్ల మీద ఒక చీరను తిరగేసి పరవండి.